గొంతు దాకా వచ్చే ఆమ్లానికి మందులు వాడుకునే పద్ధతి

కడపలో మందుల దుకాణం నడుపుతున్నవాణ్ణి గనుక, ఉదయం షట్టరు ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా నేను ఎక్కువసార్లు వినే మాట "గ్యాస్ బిళ్ళలు ఒక షీటు ఇవ్వండి" అన్నది. వెనుకట ఆ మాట అడిగేవారు చెయ్యి ఛాతీ మీద పెట్టి చూపించేవారు. ఇప్పుడు గొంతు పట్టుకుని చూపించేవారు కూడా చాలామంది వస్తున్నారు. గొంతులో ఏదో అడ్డం పడినట్టుందనీ, ఎంత మింగినా దిగదనీ, పొద్దున లేచేసరికి గొంతు బొంగురుపోయి ఉంటుందనీ, మాటిమాటికీ సవరించుకోవలసి వస్తోందనీ, ఈఎన్‌టీ డాక్టరు కెమెరా పెట్టి చూసి కడుపులోని ఆమ్లం పైకి వస్తోందని చెప్పారనీ అంటారు. చీటీలో సాధారణంగా పరగడుపున వేసుకునే మాత్ర ఒకటి, భోజనం తర్వాత తాగే మందు ఒకటి ఉంటాయి. ఆ చీటీ చేతికి వచ్చాక మందులను ఏ వేళకు, ఏ విధంగా, ఎన్నాళ్లు వాడాలి, ఎప్పుడు ఆపాలి అన్నదే ఇక్కడి విషయం. ఏ మందు, ఎంత మోతాదు అన్నది నిర్ణయించవలసింది వైద్యులే; ఇక్కడ అంకెలు కనిపించినా వాటిని పెద్దవారికి సాధారణంగా రాసే మోతాదులుగా మాత్రమే చూడండి.

కడుపుకూ అన్నవాహికకూ మధ్య ఉన్న కండరపు మూత సడలినప్పుడు కడుపులోని ద్రవం పైకి ఎగదన్నుతుంది. అది అన్నవాహిక దగ్గర ఆగితే గుండెల్లో మంట, పులితేన్పులు. అక్కడ ఆగకుండా స్వరపేటిక దాకా వస్తే గొంతు బాధలు. ఇలాంటి రోగుల్లో చాలామందికి ఛాతీలో మంట ఉండనే ఉండదు, అందుకే దీనిని సైలెంట్ రిఫ్లక్స్ అని కూడా అంటారు. అన్నవాహికకు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి కొంత ఉంది, కిందికి తోసేసే కదలికా ఉంది. స్వరపేటిక పొరకు ఆ రెండూ తక్కువ కాబట్టి కొద్దిపాటి తాకిడికే అది ఒరుసుకుపోతుంది. పైకి వచ్చేది ఆమ్లం ఒక్కటే కాదన్న సంగతిని కూడా ఇక్కడే గుర్తు పెట్టుకోవాలి. మాంసకృత్తులను అరిగించే పెప్సిన్ అనే ఎంజైము, కొందరిలో పైత్యరసం కూడా ఆ ద్రవంతో పాటు వస్తాయి. మనం వాడే మాత్రలు ఆమ్లం తయారీని తగ్గిస్తాయే గాని, ద్రవం పైకి రావడాన్ని ఆపవు. ఛాతీ మంట వారంలో తగ్గినవారికి కూడా గొంతు నెలల తరబడి సతాయించడానికి ఇది ఒక కారణం.

ఇంకో సంగతిని దాచకుండా చెప్పాలి. గొంతు బాధలకు ఈ మాత్రలు అందరికీ పనిచేయవు. బ్రిటన్‌లో 346 మంది గొంతు రోగుల మీద జరిపి 2021లో ప్రచురించిన పరీక్షలో, సగం మందికి లాన్సొప్రజోల్ 30 మిల్లీగ్రాములు రోజుకు రెండు పూటలా 16 వారాలు ఇచ్చారు, మిగిలిన వారికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. రెండు వర్గాల వారికీ కొంత నయమైంది, కానీ మందు వాడినవారికి అదనంగా ఒరిగింది ఏమీ కనిపించలేదు. ఆ మరుసటి ఏడు, అంటే 2022లో, అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ అనే జీర్ణకోశ వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు దీనికి తగ్గట్టే ఉన్నాయి: గొంతు బాధతో పాటు గుండెల్లో మంట కూడా ఉంటే 8 నుంచి 12 వారాల పాటు రెండు పూటలా మందు వాడి చూడవచ్చు, గుండెల్లో మంట లేక గొంతు బాధ ఒక్కటే ఉంటే, మందు మొదలుపెట్టకముందే ఆమ్లం నిజంగా పైకి వస్తోందో లేదో పరీక్ష చేయించడం మేలు. ముక్కులోంచి సన్నని గొట్టం వేసి 24 గంటలు కొలిచే ఆ పరీక్ష అన్ని ఊళ్లలోనూ దొరికేది కాదు, ఖర్చుతో కూడినది కూడా. అందువల్ల ఇక్కడి వైద్యులు చాలావరకు ముందు మందే ఇచ్చి చూస్తారు, అందులో తప్పు పట్టవలసింది లేదు. అయితే అలా ఇచ్చిన మందే పరీక్ష అన్నమాట. పరీక్షకు మొదలు ఉన్నట్టే చివర కూడా ఉండాలి. మా దుకాణానికి వచ్చేవారిలో ఎక్కువమంది దగ్గర లేనిది ఆ చివరి తేదీయే.

మందు మొదలుపెట్టే ముందు

కొన్ని లక్షణాలు ఉన్నవారు గ్యాస్ బిళ్ళతో కాలయాపన చేయకూడదు. గొంతు బొంగురు నాలుగు వారాలు దాటినా తగ్గకపోవడం, ముద్ద మింగేటప్పుడు నొప్పి లేదా అడ్డుపడడం, మెడలో గడ్డ తగలడం, ఉమ్మిలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఒకవైపు చెవిలోనే పోటు. వీటిలో ఏది ఉన్నా స్వరపేటికను చూపించుకోవలసిందే. బీడీ, సిగరెట్, గుట్కా, మద్యం అలవాటు ఉన్నవారు మరీ తొందరపడాలి. కడపలో రిమ్స్‌లో, కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ ఓపీ ఉంది.

ఆమ్లం కాని కారణాలు కూడా గొంతును ఇదే విధంగా బాధిస్తాయి. ఎర్రగుంట్ల వైపు నుంచి, బేతంచెర్ల వైపు నుంచి వచ్చేవారికి నాపరాయి కోత దుమ్ము, సిమెంటు దుమ్ము ఉండనే ఉన్నాయి. రోజంతా అరిచి పాఠం చెప్పే ఉపాధ్యాయులకూ, యార్డులో వేలం పాడేవారికీ గొంతు అలసటే వ్యాధి. రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మాత్రలతో కొందరికి పొడిదగ్గు, గొంతులో గీరినట్టుండడం వస్తాయి. అవి మార్చకుండా ఎన్ని గ్యాస్ బిళ్ళలు మింగినా ఉపయోగం ఉండదు. ఆస్తమాకు పీల్చే స్టిరాయిడ్ మందు తర్వాత నోరు పుక్కిలించకపోతే గొంతులో బూజు పట్టి స్వరం చెడుతుంది. ఇక అమ్లోడిపిన్, నిఫెడిపిన్ వంటి బీపీ మాత్రలు, గుండె నొప్పికి వాడే నైట్రేట్లు, ఆయాసానికి ఇచ్చే థియోఫిలిన్ ఆ కండరపు మూతనే సడలిస్తాయి. మీరు వాడే మందులన్నిటినీ ఒక కవరులో వేసుకుని వైద్యుని ముందు పెట్టడానికి ఇంతకంటే మంచి కారణం లేదు. వాటిని సొంతంగా మాత్రం ఆపకండి.

మొదటి మాత్ర వేసుకునే రోజునే ఒక కాగితం తయారు చేసుకోండి. 2002 నుంచి వైద్యులు వాడుతున్న తొమ్మిది ప్రశ్నల కొలత ఒకటి ఉంది: గొంతు బొంగురు లేదా స్వరంలో తేడా, గొంతు సవరించుకోవడం, గొంతులో కళ్లె లేదా ముక్కు వెనుక నుంచి కారడం, అన్నం గాని నీళ్లు గాని మాత్ర గాని మింగడంలో కష్టం, తిన్నాక లేదా పడుకున్నాక దగ్గు, ఊపిరాడకపోవడం లేదా పొరపోవడం, వేధించే దగ్గు, గొంతులో ఉండ ఉన్నట్టు అనిపించడం, గుండెల్లో మంట లేదా పులితేన్పులు. ఒక్కొక్కదానికి సున్నా నుంచి 5 దాకా మార్కు వేసుకోవాలి. సున్నా అంటే బాధ లేదు, 5 అంటే తీవ్రం. మొత్తం 45కు 13 దాటితే ఆమ్లాన్ని అనుమానిస్తారు. అలర్జీ ఉన్నవారికి కూడా ఈ మొత్తం పెరుగుతుంది కాబట్టి ఇది రోగనిర్ధారణకు చాలదు, కానీ మందు పనిచేస్తోందా లేదా అని చూసుకోవడానికి ఇంతకంటే చవకైన సాధనం లేదు. నేను చీటీ వెనుక గీతలు గీసి ఇస్తుంటాను: ఎడమవైపు తొమ్మిది ప్రశ్నలు, పైన వారాలు, ప్రతి ఆదివారం ఒక నిలువు వరుస.

పరగడుపు మాత్ర: వేళలోనే ఉంది అంతా

పాంటాప్రజోల్ 40, రాబెప్రజోల్ 20, ఒమెప్రజోల్ 20, ఎసోమెప్రజోల్ 40, లాన్సొప్రజోల్ 30. ఇవన్నీ ఒకే కుటుంబం. వైద్యులు వీటిని పీపీఐలు అంటారు. ఒకదానికీ ఇంకొకదానికీ ఉన్న తేడా చాలామందికి తెలియనంత చిన్నది. జన ఔషధి కేంద్రంలో దొరికే మాత్ర అయినా సరే, పెద్ద కంపెనీ మాత్ర అయినా సరే, వేళకు వేసుకున్నదే పనిచేస్తుంది.

వేళ ఎందుకంత ముఖ్యమంటే, కడుపు గోడ కణాల్లో ఆమ్లాన్ని తోడిపోసే పంపులు ఉంటాయి. తిండి కడుపులో పడినప్పుడే అవి ఎక్కువగా ఆన్ అవుతాయి. ఈ మందు ఆన్‌లో ఉన్న పంపును మాత్రమే పట్టుకుని మూసేయగలదు, ఆగి ఉన్నదాని జోలికి పోలేదు. మందు రక్తంలో ఉండేదేమో తక్కువ సేపు. ఒకటి రెండు గంటల్లోనే అది సగానికి పడిపోతుంది. మాత్ర పైపూత పేగులో కరిగి, మందు రక్తంలో కలిసి, పంపుల దగ్గరికి చేరేసరికి అరగంట నుంచి గంట పడుతుంది. సరిగ్గా ఆ సమయానికి తిండి కూడా కడుపులో పడాలి. అంతా కలిపి చూస్తే తినడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోవాలన్న నియమం వస్తుంది. పంపులన్నీ ఒక్కరోజులో మూతపడవు కాబట్టి పూర్తి ప్రభావం కనిపించడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. "నిన్న వేసుకున్నాను, ఏమీ తగ్గలేదు" అనడం తొందరపాటు.

ఒక రిటైరైన అయ్యవారు మూడు నెలలుగా మాత్ర పనిచేయడం లేదని షీటు తెచ్చి కౌంటరు మీద పెట్టారు. ఎప్పుడు వేసుకుంటున్నారని అడిగితే, "అన్నానికి ముందరే గదా నాయనా ఏసుకుంటాండేది, కంచం ముందర కూచొని మాత్ర మింగి, సంగటి ముద్ద చేతికి తీసుకుంటా" అన్నారు. ఆయన తప్పేమీ లేదు; చీటీలో ఉన్నది "భోజనానికి ముందు" అనే కదా. సంగటి కడుపులో పడి పంపులన్నీ తిరుగుతున్నప్పుడు ఆయన మాత్ర ఇంకా పైపూతతోనే ఉంటుంది. అప్పటి నుంచి నేను షీటు మీద గడియారం బొమ్మ వేసి, మాత్ర వేళ ఒకటి, తిండి వేళ ఒకటి రాసి ఇస్తున్నాను.

దీనికి సరిగ్గా ఎదురు పొరపాటు పొలం పనులకు వెళ్లేవారిది. ఉదయం ఐదున్నరకు లేచి పరగడుపున మాత్ర వేసుకుని, ఒక టీ తాగి, సద్ది కట్టుకుని చేనికి పోయి పదకొండు గంటలకు తింటారు. అప్పటికి ఆ మందు రక్తంలో దాదాపు మిగలదు. వీరికి నేను చెప్పేది ఒకటే: మాత్రను మీ సద్దితో పాటే తీసుకుపోండి, తినబోయే ముందు ముక్కాలు గంట ఉందనగా వేసుకోండి. పరగడుపు అంటే తెల్లవారుజాము అని కాదు, కడుపు ఖాళీగా ఉండి కాసేపట్లో తినబోతున్న సమయం అని.

రెండో పూట మాత్ర రాసి ఉంటే అది పడుకునే ముందు వేసుకునేది కాదు. రాత్రి భోజనానికి అరగంట నుంచి గంట ముందే వేసుకోవాలి. రంజాన్ ఉపవాసాల్లో ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి, సహరీ తినడానికి అరగంట ముందు లేచి ఒక మాత్ర, సాయంత్రం ఖర్జూరంతో, నీళ్లతో ఉపవాసం విడిచినప్పుడు రెండోది వేసుకుని, నమాజు ముగించుకుని వచ్చి భోజనం చేయవచ్చు. ఆ వేళలు ఈ మందుకు చక్కగా అమరుతాయి.

గొంతు బాధ ఉన్నవారికి మాత్ర మింగడమే కష్టం కాబట్టి కొందరు దానిని విరిచి, నూరి, తేనెలో కలిపి నాకుతారు. అలా చేయకూడదు. ఈ మందు ఆమ్లంలో పడితే చెడిపోతుంది, దానిని పేగు దాకా కాపాడేది ఆ పైపూతే. మింగలేనివారికి లోపల గుళికలు ఉండే క్యాప్సూల్ రాయించుకోవచ్చు. కొన్ని రకాలను విప్పి, ఆ గుళికలను నమలకుండా మెత్తటి పదార్థంతో మింగే వీలుంది. ఏ మాత్రనైనా నిటారుగా కూర్చుని గ్లాసు నిండా నీళ్లతో మింగండి.

తిన్న తర్వాత తాగే మందు

గొంతు రోగులకు నేను దీనికి ఎక్కువ విలువ ఇస్తాను. సోడియం ఆల్జినేట్ సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం. అది కడుపులోని ఆమ్లంతో కలిస్తే జిగురుగా గడ్డకడుతుంది. అందులో ఉన్న బైకార్బొనేట్ నుంచి పుట్టే గాలి బుడగలు ఆ జిగురులో చిక్కుకుని దానిని పైకి తేలుస్తాయి. కాగిన పాల మీద మీగడ కట్టినట్టు తిన్న అన్నం మీద ఒక తెప్ప తేలుతుంది. ద్రవం ఎగదన్నినప్పుడు ఆమ్లం కంటే ముందు ఆ తెప్పే పైకి వస్తుంది. ఆమ్లంతో పాటు పెప్సిన్‌ను కూడా అడ్డుకోవడం దీని ప్రత్యేకత.

సీసాను బాగా కుదిపి, భోజనం ముగిశాక 10 నుంచి 20 మిల్లీలీటర్లు తాగాలి, పడుకోబోయే ముందు ఇంకోసారి తాగాలి. తాగిన తర్వాత నీళ్లు తాగినా, మజ్జిగ తాగినా తెప్ప చెదిరిపోతుంది, కాబట్టి నీళ్లు తాగాలనుకుంటే ముందే తాగేయండి. ఖాళీ కడుపుతో తాగితే అది తేలడానికి కింద ఏమీ ఉండక త్వరగా జారిపోతుంది. కొనేటప్పుడు సీసా మీద "ఆల్జినేట్" అన్న పేరు చూసి కొనండి. గులాబీ రంగులోనూ తెల్లగానూ ఉండే మామూలు యాంటాసిడ్ జెల్స్‌లో మెగ్నీషియం, అల్యూమినియం లవణాలు ఉంటాయి. అవి కాసేపు ఆమ్లాన్ని విరిచేస్తాయి గాని తెప్ప కట్టవు. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి, రుచీ ఒకటే, దుకాణంలో కూడా ఒకే అరలో ఉంటాయి. ఆల్జినేట్ మందులో ఉప్పు, అంటే సోడియం ఎక్కువ కాబట్టి గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా రోజూ తాగకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు మెగ్నీషియం, అల్యూమినియం జెల్స్‌కు కూడా దూరంగా ఉండాలి.

రాత్రి పూట ఇబ్బంది ఎక్కువగా ఉన్నవారికి కొన్నిసార్లు ఫామోటిడిన్ రాస్తారు. పడుకునే ముందు వేసుకునే మాత్ర ఇదే. రోజూ వాడితే వారం పది రోజుల్లో శరీరం దీనికి అలవాటుపడి పట్టు సడలుతుంది, కాబట్టి అవసరమైన రాత్రులకు దాచుకోవడం మంచిది. దీని చుట్టమే అయిన రానిటిడిన్‌లో ఎన్‌డీఎంఏ అనే మలినం పుడుతోందని 2020 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మార్కెట్ నుంచి తీసేయమంది. 2022లో మన దేశపు అత్యవసర మందుల జాబితా నుంచి కూడా దానిని తొలగించారు. ఇంట్లో పాత షీట్లు మిగిలి ఉంటే వాటిని వెతికి వాడకండి.

"డి" అక్షరం ఉన్న క్యాప్సూల్స్

పీపీఐకి డోంపెరిడోన్ కలిపిన క్యాప్సూల్ మన దగ్గర మిఠాయిలా అమ్ముడుపోతుంది. పేరు చివర "డి" ఉంటే ఇంకా బలమైన మందు అని జనం నమ్మకం. డోంపెరిడోన్ కడుపు త్వరగా ఖాళీ అయ్యేలా చేసేది, వాంతులకు ఇచ్చేది. గొంతు బాధకు నెలల తరబడి అది అవసరమని చెప్పగలిగే ఆధారం లేదు. గుండె లయను తప్పించగల గుణం దానికి ఉన్నందువల్ల యూరప్ మందుల సంస్థ 2014లోనే పెద్దలకు 10 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లకు మించకూడదనీ, సాధారణంగా వారం దాటకూడదనీ హద్దు పెట్టింది. మన క్యాప్సూల్స్‌లో ఒక్కదానిలోనే 30 మిల్లీగ్రాములు, మెల్లగా విడుదలయ్యే రూపంలో ఉంటుంది. రెండు పూటలా వేసుకుంటే లెక్క మీరే చూడండి.

అసలు ప్రమాదం మందుల కలయికలో ఉంది. గొంతు నొప్పి అంటే క్లారిత్రోమైసిన్ గాని అజిత్రోమైసిన్ గాని రాయడం మామూలే. తామరకు ఇట్రాకొనజోల్ నెలల తరబడి వాడేవారు ఇప్పుడు ఇంటికొకరున్నారు. క్లారిత్రోమైసిన్, ఇట్రాకొనజోల్ డోంపెరిడోన్‌తో కలవనే కూడదు, దానిని శరీరం నుంచి పోనివ్వకుండా ఆపి గుండె మీద భారం పెంచుతాయి. అజిత్రోమైసిన్ కూడా గుండె లయ మీద అదే దిశలో పనిచేస్తుంది. 60 ఏళ్లు దాటినవారు, గుండె జబ్బు ఉన్నవారు "డి" లేని మాత్ర సరిపోతుందా అని వైద్యుణ్ణి అడగడంలో మొహమాటపడకూడదు.

పీపీఐతో కలిపి అమ్మే ఇంకో జోడీ మందు లెవోసల్‌పిరైడ్. దీనితో ఆడవారికి నెలసరి తప్పడం, రొమ్ముల నుంచి పాలు రావడం, మగవారికి రొమ్ములు ఉబ్బడం, వృద్ధులకు చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం వంటివి రావచ్చు. వణుకు కొత్త జబ్బేమో అనుకుని దానికి మళ్లీ వేరే మందు మొదలుపెట్టిన ఇళ్లు ఉన్నాయి. పెద్దవారికి ఈ మందు మొదలుపెట్టాక వణుకు వస్తే ముందు ఈ షీటునే వైద్యునికి చూపించండి.

పీపీఐకి కూడా తనవైన చిక్కులు ఉన్నాయి. గుండెకు స్టెంట్ వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడుతున్నవారికి ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ పనికిరావు, ఆ మందు బలాన్ని అవి తగ్గిస్తాయి. వారికి పాంటాప్రజోల్ నయం. థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టడం తగ్గవచ్చు కాబట్టి పీపీఐ మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోవాలి; ఆల్జినేట్, యాంటాసిడ్ మందులను థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటలు ఎడంగా ఉంచాలి. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కరగడానికి ఆమ్లం కావాలి. పీపీఐ వేసుకుంటూ తామర తగ్గలేదని వాపోయేవారిలో కొందరి కథ ఇదే. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారికి బీ12 ఎలాగూ తగ్గుతుంది, దానికి ఏళ్ల తరబడి పీపీఐ తోడైతే అది ఇంకా తగ్గుతుంది.

దీర్ఘకాలం వాడితే కిడ్నీలు పోతాయి, ఎముకలు గుల్లబారతాయి అని ఫోన్లలో తిరిగే భయాల్లో పాలెంత, నీళ్లెంత అని అడిగేవారికి ఒక సంగతి చెబుతాను. 17,598 మందిని సగటున మూడేళ్లు గమనించి 2019లో ప్రచురించిన పరీక్షలో, పాంటాప్రజోల్ వాడినవారికి పేగు ఇన్ఫెక్షన్లు కొంచెం ఎక్కువగా వచ్చాయి; మిగిలిన భయాలేవీ అందులో రుజువు కాలేదు. అవసరం ఉన్నవారు భయంతో మానుకోనక్కరలేదు. అవసరం లేనివారు చవకగా వస్తోందని మింగుతూ పోనక్కరలేదు.

ఆపే తేదీ

ఎనిమిదో వారం ఆదివారం మీ కాగితాన్ని తీసి మొదటి నిలువు వరుసతో పోల్చండి. మార్కులు బాగా తగ్గితే 12 వారాలు నింపి, వైద్యునితో మాట్లాడి తగ్గించుకుంటూ రండి: ముందు రాత్రి మాత్ర, రెండు మూడు వారాలకు ఉదయం మాత్ర రోజు విడిచి రోజు, ఆపై పూర్తిగా. కొంచెం కూడా తగ్గకపోతే మాత్రను ఇంకో కంపెనీకి మార్చి ఇంకో మూడు నెలలు లాగకండి.

ఆపినప్పుడు వచ్చే తిరుగుపోటు చాలామందిని మోసం చేస్తుంది. నెలల తరబడి అణచి ఉంచిన పంపులు, మందు తీసేయగానే మునుపటి కంటే ఎక్కువ ఆమ్లాన్ని పోస్తాయి. డెన్మార్క్‌లో 2009లో ప్రచురించిన పరీక్షలో, ఏ జబ్బూ లేని 120 మంది పాల్గొన్నారు. ఎసోమెప్రజోల్‌ను 8 వారాలు వాడి ఆపినవారిలో నూటికి 44 మందికి మంట, పులితేన్పులు వంటివి వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో నూటికి 15 మందికే వచ్చాయి. అంటే జబ్బు లేనివారికి కూడా ఆపిన తర్వాత జబ్బు ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇది నాకు అనుభవమే. దుకాణం మూసి ఇంటికి పోయేసరికి పదిన్నర, తినేసరికి పదకొండు, చెయ్యి కడుక్కుని మంచం ఎక్కడమే. గొంతు గరగరకు నాకు నేనే పాంటాప్రజోల్ తీసుకుని, తేదీ రాసుకోకుండా ఎనిమిది నెలలు మింగాను. రెండుసార్లు ఆపి చూశాను; రెండుసార్లూ నాలుగో రోజుకే పుల్లటి నీళ్లు గొంతులోకి వచ్చాయి, ఇక ఇది జీవితాంతం తప్పదని నిశ్చయించుకుని మళ్లీ షీటు చించాను. ఊరందరికీ చెప్పే మాట నాకు నేను చెప్పుకోలేదు. మూడోసారి మెల్లగా తగ్గించుకుంటూ, మంట వచ్చిన రాత్రులు ఆల్జినేట్ తాగి మూడు వారాలు ఓర్చుకున్నాను. మాత్ర ఆగింది. భోజనాన్ని ఎనిమిదింటికే డబ్బా తెప్పించుకుని దుకాణంలోనే కానిచ్చేయడం మొదలుపెట్టాక గరగర కూడా చాలావరకు పోయింది. పడుకోవడానికి మూడు గంటల ముందు తినడం, మంచం తలవైపు కాళ్ల కింద ఆరు అంగుళాల ఎత్తు పెట్టడం, ఎడమవైపు తిరిగి పడుకోవడం మందుతో సమానమైన పనులు. కారం దోశ పూర్తిగా మానేయమని కడపలో ఎవరికి చెప్పినా వినరు గనుక, రాత్రి పూట వద్దని మాత్రం చెబుతాను.

తగ్గకపోతే

సరైన వేళకు రెండు పూటలా 12 వారాలు వాడినా కాగితం మీద మార్కులు కదలలేదంటే, ఆ సమాచారం విలువైనదే: మీ గొంతు బాధకు ఆమ్లం కారణం కాకపోవచ్చు, లేదా అదొక్కటే కారణం కాకపోవచ్చు. ఆ దశలో 24 గంటల పరీక్షకు, ఎండోస్కోపీకి, మళ్లీ ఒకసారి స్వరపేటిక చూపించుకోవడానికి అర్థం ఉంది. కొందరిలో గొంతు నరాలే అతిగా స్పందించడం అలవాటు చేసుకుంటాయి. అలాంటివారికి నిపుణులు తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ గాని గాబాపెంటిన్ గాని ఇస్తారు, స్పీచ్ థెరపీ చేయిస్తారు. చీటీలో అమిట్రిప్టిలిన్ చూసి ఇంటర్నెట్‌లో వెతికి, అది డిప్రెషన్‌కు వాడే మందని చదివి, తమకు మనోవ్యాధి అంటగట్టారని బాధపడి వచ్చినవారు ఉన్నారు. ఆ మోతాదులో అది నరాలను శాంతపరచడానికి వాడేది. నిద్రమత్తు, నోరు ఎండడం ఉంటాయి గనుక రాత్రి పూట ఇస్తారు.

వొనోప్రజాన్ అనే కొత్త రకం మాత్ర ఇప్పుడు ఇక్కడ కూడా దొరుకుతోంది. దానికి తిండి వేళతో పనిలేదు, పంపు ఆన్‌లో ఉన్నా లేకపోయినా పట్టుకుంటుంది, మొదటిరోజు నుంచే ఆమ్లాన్ని గట్టిగా తగ్గిస్తుంది. పీపీఐ వేళలు కుదరనివారికి అది సౌకర్యం కావచ్చు. అయితే ఆమ్లం వల్ల రాని గొంతు బాధకు ఆమ్లాన్ని ఇంకా గట్టిగా అణచినంత మాత్రాన గుణం రాదు.

వైద్యుని దగ్గరికి తిరిగి వెళ్లేటప్పుడు ఆ మార్కుల కాగితం, వాడేసిన ఖాళీ షీట్లు, మీ బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రలు అన్నీ ఒకే కవరులో తీసుకుపోండి. మాత్రను ఏ గంటకు వేసుకుని ఏ గంటకు తిన్నారో కాగితం కింద రాసి ఉంచండి. డాక్టరు అడగకపోయినా మీరే చూపించండి.